సత్రం పొయ్యి నుంచి గదిలో కెటిల్ దాకా

మొన్న వేసవి సెలవుల్లో ఊటీ వెళ్లాం. మేమిద్దరం, పిల్లలిద్దరు, మా అత్తయ్య. గది బుక్ చేసినప్పుడు టిఫిన్ కలపకుండా తీసుకున్నాం. తీరా వెళ్లాక కింద కౌంటర్లో అడిగితే పొద్దుటి టిఫిన్ మనిషికి 350 అన్నారు. ఐదుగురికి 1,750. మూడు పొద్దులకి 5,250. నేను మనసులో లెక్కలు వేసుకుంటుంటే అత్తయ్య సంచి జిప్ తీసి ఒక స్టీలు డబ్బా బయటపెట్టారు.

"అంత డబ్బెందుకమ్మా? ఉప్మాకి రవ్వ వేయించి, తాలింపు కూడా కలిపి తెచ్చాను. వేడినీళ్లు పోస్తే చాలు."

మా అమ్మాయి మొహం మాడ్చుకుంది. "ఇంత దూరం వచ్చి కూడా ఉప్మానేనా నానమ్మా? ఎవరైనా చూస్తే పిసినారులనుకుంటారు."

ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. ప్రయాణంలో మన తిండి మనం పట్టుకెళ్లడం పిసినారితనమా? ఇంటికొచ్చాక డిగ్రీలో చదువుకున్న పుస్తకాలు కొన్ని తిరగేశాను. అమ్మకి ఫోన్ చేసి పాత సంగతులు అడిగాను. అలా పోగైనవి మీతో పంచుకుందామని ఇది రాస్తున్నాను.

ముందు ఒక తమాషా చూడండి. మన ఊళ్లలో 'హోటల్' అంటే ఇడ్లీ, దోసె దొరికే చోటు. రాత్రి పడుకోవడానికి వెళ్లేది లాడ్జికి. తిండీ పడకా రెండూ ఉంటే 'బోర్డింగ్ అండ్ లాడ్జింగ్' అని బోర్డు మీద విడిగా రాసేవాళ్లు. హోటల్ అంటే గది అని మనం అనడం ఈమధ్యే ఎక్కువైంది. అంతకుముందు మనకున్న మాటలు రెండు. ఒకటి సత్రం, రెండు పూటకూళ్ల ఇల్లు.

'సత్రం' సంస్కృతంలోని 'సత్త్ర' నుంచి వచ్చింది. మొదట ఆ మాటకి చాలా రోజులు సాగే యాగం అని అర్థం. తర్వాత బాటసారులకి అన్నం పెట్టే, నీడనిచ్చే చోటుకి అదే పేరు స్థిరపడింది. 'కూడు' అంటే అన్నం. పూటకింత అని డబ్బు తీసుకుని అన్నం పెట్టే ఇల్లు పూటకూళ్ల ఇల్లు. ఇదేదో ఇంగ్లీషువాళ్ల కాలంలో వచ్చిందనుకునేదాన్ని. కాదు. వినుకొండ వల్లభరాయుడి పేరుతో ఉన్న 'క్రీడాభిరామం'లో ఇద్దరు స్నేహితులు కాకతీయుల ఓరుగల్లంతా తిరుగుతారు. అందులోనే పూటకూళ్ల భోజనం ప్రస్తావన ఉంది. ఒక్క రూక ఇస్తే మంచి బియ్యపు అన్నం, గోధుమపిండి వంట, పంచదార, కొత్త నెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, పచ్చళ్లు, గడ్డ పెరుగు పెడతారట. సుమారు ఆరువందల ఏళ్ల కిందటి పుస్తకం అది. ధరతో సహా రాసిన హోటల్ మెనూలా ఉంటుంది!

గురజాడ 'కన్యాశుల్కం'లో పూటకూళ్లమ్మ మనందరికీ తెలుసు. డబ్బు తీసుకుని అన్నం పెట్టడాన్ని లోకం కాస్త చిన్నచూపు చూసిన రోజుల్లో, భర్త పోయిన ఆడవాళ్లకి ఒంటిచేత్తో బతకడానికి దొరికిన కొద్ది దారుల్లో అదొకటి. అంటే బయట తినే ఆ భోజనం వెనక కూడా తరచు ఒక ఆడమనిషి పొయ్యి ఉండేదన్నమాట.

ఇక సత్రాల సంగతి. మద్రాసు సుప్రీంకోర్టులో ఉద్యోగం చేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరారు. పదిహేను నెలల ప్రయాణం. తిరుపతి, కడప, హైదరాబాదు, నాగపూరు మీదుగా పైకి వెళ్లి, కలకత్తా చూసి, సముద్రం ఒడ్డు దారిన దిగివచ్చారు. ఆయన రాసిపెట్టిందే 'కాశీయాత్ర చరిత్ర'. ఆయన పోయాక 1838లో అచ్చయింది. కాలేజీలో చదివినప్పుడు నాకది విసుగనిపించింది. ఇప్పుడు ఇల్లాలిగా చదివితే ప్రాణం లేచివచ్చింది. ఎందుకంటే ఊరు మారినప్పుడల్లా ఆయన చూసేవి మనం చూసేవే. దిగడానికి చోటుందా, నీళ్లెలా ఉన్నాయి, అంగళ్లున్నాయా, వంటసామాను దొరుకుతుందా. ఆయన వెంట నూరుమంది దాకా పరివారం ఉన్నారు. అంతమందికి రెండుపూటలా అన్నం అంటే, ముందు ఊళ్లో బియ్యం దొరుకుతాయో లేదో తెలియకుండా అడుగు కదలదు కదా.

అప్పటి సత్రాల్లో 'స్వయంపాకం' అనే ఏర్పాటు ఉండేది. వండిన అన్నం కాకుండా బియ్యం, పప్పు, ఉప్పు, చింతపండు, నెయ్యి, కూరలు లాంటివి ఇస్తే, వచ్చినవాళ్లే వండుకు తినేవారు. ఇందులో పొదుపు ఉంది. మడీ ఉంది. దాచకుండా చెప్పుకోవాల్సింది ఇంకోటి కూడా ఉంది, కులం. ఒకరు వండింది ఇంకొకరు తినరు. చాలా సత్రాల్లో కొన్ని కులాలవాళ్లకే అన్నం. దళితులకి లోపలికి అడుగే లేదు. శ్రీశైలం వెళితే ఇప్పటికీ కులానికో సత్రం కనిపిస్తుంది. 1856లో మద్రాసు నుంచి రైలు మొదలయ్యాక అందరూ ఒకే పెట్టెలో కూర్చోక తప్పలేదు కానీ, స్టేషన్లలో మంచినీళ్లు కూడా హిందువులకి వేరు, ముస్లింలకి వేరుగా ఉండేవి. మన తాతమ్మలు రైలెక్కితే చద్దిమూట లేనిదే ఎక్కకపోవడానికి డబ్బొక్కటే కారణం కాదు.

ఆ మూటలో ఏముండేవో తలుచుకుంటే మాత్రం వాళ్ల తెలివికి దణ్ణం పెట్టాలి. పులిహోర ఎందుకు? చింతపండు పులుపు, ఉప్పు, నూనె కలిస్తే అన్నం త్వరగా పాడవదు. దద్దోజనానికి అన్నంలో పాలు ఎక్కువ పోసి, ఒక్క చెంచా పెరుగు కలిపేవారు. మధ్యాహ్నం మూట విప్పేసరికి పులిసిపోకుండా, అప్పుడే తోడుకున్నట్టు ఉండేది. పేలపిండికి పొయ్యితో పనే లేదు, మజ్జిగలో కలిపితే చాలు. అటుకులు నీళ్లు చల్లితే మెత్తబడతాయి. ఈరోజు కొట్లో కొనే 'రెడీ టు ఈట్' అంతా మనింట్లో పేరు లేకుండా ఎప్పుడో ఉంది. కొట్లోకి ఎలా వచ్చిందనడానికి ఒక కథ చెబుతారు. 1924లో బెంగళూరులో మొదలైన ఎం.టి.ఆర్. హోటల్‌కి, 1975లో ఎమర్జెన్సీ వచ్చి తిండి ధరల మీద కట్టడి పెట్టేసరికి గిట్టుబాటు కాలేదట. దాంతో రవ్వఇడ్లీ లాంటివాటికి కలిపిన పిండి పొట్లాలు కట్టి అమ్మే వ్యాపారం మీద దృష్టి పెట్టారు.

ఇప్పుడు అమ్మతో ఫోన్లో మాట్లాడిన సంగతి.

1989లో దసరా సెలవులకి నాన్న మమ్మల్ని శ్రీశైలం తీసుకెళ్లారు. సత్రంలో గది, వెనక వరండాలో వంటకి చోటు. అమ్మ ఇంటి నుంచి కిరసనాయిలు స్టవ్వు, బియ్యం మూట, పోపుల డబ్బా, నాలుగు గిన్నెలు తెచ్చింది. మేం గుడికెళ్లాం, డ్యామ్ చూశాం, పాతాళగంగ మెట్లు లెక్కపెట్టుకుంటూ దిగి మళ్లీ ఎక్కాం. ఆకలితో వచ్చేసరికి వేడివేడి అన్నం, పప్పు, వడియాలు. ఎంత రుచిగా ఉండేదో! నా చిన్నతనంలో అంత మంచి ప్రయాణం ఇంకోటి లేదు.

"అమ్మా, శ్రీశైలంలో నీకేం గుర్తుంది?" అని అడిగాను.

కాసేపాగి, "ఆ స్టవ్వు ఒత్తులు సరిగా పైకి వచ్చేవి కావే. మసి కొట్టేది," అంది.

"డ్యామ్ గుర్తులేదా?"

"నేనెక్కడ చూశానే? మీరొచ్చేసరికి వంట అవ్వాలిగా. తెల్లారగట్ల దర్శనం చేసుకున్నాను, చాలదూ?"

ఫోన్ పట్టుకుని అలాగే ఉండిపోయాను. నాలుగు రోజులున్నాం. డ్యామ్ ముందు తీయించుకున్న ఫొటోలో నాన్న, అన్నయ్య, నేను ఉన్నాం. ఇన్నేళ్లుగా ఆ ఫొటో చూస్తున్నాను. అందులో అమ్మ ఎందుకు లేదని ఒక్కసారీ అనుకోలేదు.

మరి మా అమ్మాయి ప్రశ్నకి జవాబేమిటి? తిండి పట్టుకెళ్లడం పిసినారితనం కాదు, ముమ్మాటికీ కాదు. కానీ ఆ పొదుపు ఎవరి చేతుల మీదుగా జరిగింది అన్నది అడగాలి. నాన్న జేబులో మిగిలిన ప్రతి రూపాయికీ అమ్మ ఒక గంట ఇచ్చింది. అన్నం పెట్టిన తల్లులుగా మనం కొందరిని తలుచుకుంటాం. గోదావరి దాటి వచ్చే బాటసారులకి వేళకాని వేళల్లో కూడా వండిపెట్టిన లంకల గన్నవరం డొక్కా సీతమ్మ గారిని, తిరుమల కొండమీద అన్నదానం చేసిన తరిగొండ వెంగమాంబను. వెంగమాంబ పేరు తిరుమల అన్నప్రసాద భవనానికి, సీతమ్మ గారి పేరు ఆంధ్రప్రదేశ్ బడిపిల్లల మధ్యాహ్న భోజనానికి పెట్టారు. పెట్టాల్సిందే. వాళ్లు ఇష్టపడి ఎంచుకున్న పని అది. మా అమ్మని మాత్రం ఎవరూ అడగలేదు.

అందుకే నాకు కెటిల్ అంటే ఇష్టం. అందులో వంట చేయలేం కాబట్టి! పొయ్యి లేదు, కూరగాయలు తరగడం లేదు, గిన్నెలు తోమడం లేదు. వేడినీళ్లు కాచడం ఎవరికైనా వచ్చు.

ఊటీలో మేం చేసింది ఇది. పొద్దున వేయించిన రవ్వ గానీ అటుకులు గానీ స్టీలు డబ్బాలో వేసి, మరిగే నీళ్లు పోసి మూతపెట్టడం. మామూలుగా ఐదారు నిమిషాలు చాలు. ఊటీ 2,240 మీటర్ల ఎత్తు కాబట్టి నీళ్లు 100 డిగ్రీలు రాకముందే, 92, 93 దగ్గరే మరిగిపోతాయి. అందుకని ఇంకో ఐదు నిమిషాలు ఆగాలి. మొదటిరోజు ఆ సంగతి తెలియక పలుకుగా తిన్నాం! మధ్యాహ్నం మాత్రం బయట, అక్కడి భోజనం. ఊరు చూడటానికి వెళ్లి ఆ ఊరి రుచి చూడకపోతే ఎలా? రాత్రి బ్రెడ్డు, పెరుగు, కీరదోస, అరటిపండ్లు, పుట్నాలపొడి. పొడులకీ రవ్వకీ ఇంటి దగ్గర 600, అక్కడ పెరుగు, పండ్లు, బ్రెడ్డుకి 900 అయ్యాయి. టిఫిన్ల మీదే 3,750 మిగిలింది. రాత్రి భోజనాల లెక్క నేను వేయలేదు. ఆ డబ్బుతో కూనూరు నుంచి కొండరైలు ఎక్కాం, అత్తయ్యకి ఒక శాలువా కొన్నాం.

రెండు జాగ్రత్తలు. గదిలో కెటిల్ నీళ్లకే. అందులో పాలూ నూడుల్సూ కాస్తే అడుగంటుతుంది, తర్వాత వచ్చేవాళ్లకి వాసన. గదిలో స్టవ్వు వెలిగించడం, రైల్లో గ్యాస్ బండ తీసుకెళ్లడం మాత్రం ఎంత పొదుపైనా వద్దు. 2023 ఆగస్టులో లక్నో నుంచి వచ్చిన యాత్రికుల పెట్టె మదురై స్టేషన్లో ఆగి ఉన్నప్పుడు, దొంగచాటుగా తెచ్చిన గ్యాస్ బండ వల్ల అగ్గి అంటుకుని తొమ్మిదిమంది పోయారు. టీ కాచుకుందామనుకున్నారట.

ఇంకో నియమం కూడా మా ఇంట్లో ఈ ప్రయాణంతోనే మొదలైంది. ప్రయాణంలో పొద్దుటి టిఫిన్ నా పని కాదు, అత్తయ్య పనీ కాదు. రెండోరోజు మా వారు రవ్వలో నీళ్లు పోశారు. మూడోరోజు మొహం మాడ్చుకున్న అమ్మాయే పోసింది. ఉప్మా కాస్త జారుగా వచ్చింది. అత్తయ్య కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని, శాలువా కప్పుకుని, మంచు దిగుతున్న లోయని చూస్తూ టీ తాగారు. "నా చేతికి పని లేకుండా ప్రయాణం చేయడం ఇదే మొదలు," అన్నారు. ఆవిడకి 71 ఏళ్లు.

వచ్చే దసరాకి అమ్మని శ్రీశైలం తీసుకెళుతున్నాం. స్టవ్వు తీసుకెళ్లడం లేదు. ఈసారి డ్యామ్ ముందు ఫొటోలో మధ్యన అమ్మే ఉంటుంది.