రాజహారములలోని ముత్యము

నవరత్నములలో ముత్యమును పగడమును సముద్రమున పుట్టినవి. అందును ముత్యమున కొక విశేషము కలదు. వజ్రమునకు సాన కావలెను. కెంపునకు మెరుగు కావలెను. ముత్యము చిప్పనుండి వెలువడినపుడే సంపూర్ణము. దానికి బెజ్జము వేసిన చాలును. స్వాతికార్తెలో కురిసిన చినుకు చిప్పలో పడి ముత్యమగునని మన పల్లెలలో చెప్పుకొందురు. ప్రకృతిశాస్త్రజ్ఞులు చెప్పున దింత సుకుమారము కాదు. ఏ చిన్న పురుగో లోనికి చొరబడగా, ఆ ప్రాణి తన బాధ నడచుకొనుటకై దానిచుట్టును పొరపై పొర పేర్చుకొనును. ఆ పొరల ముద్దయే ముత్యము.

మన పెద్దలు ముత్యమును చంద్రుని రత్నమనిరి. ప్రజలకు చల్లని నీడ నీయవలసిన రాజునకు ముత్యాలగొడుగును ముత్యాలహారమును చిహ్నములగుట సహజమే. అయితే ఈ చల్లదనపు చిహ్నము బొక్కసమునకు వచ్చు త్రోవ యెట్టిది?

కౌటిల్యుని అర్థశాస్త్రమున ముత్యముల ప్రసక్తి అలంకారముల సందర్భమున గాక, కోశమున చేర్చవలసిన రత్నముల పరీక్షలో వచ్చుచున్నది. తామ్రపర్ణిలో పుట్టినవియు, పాండ్యదేశపువియు అందు మొదట పేర్కొనబడినవి. 1008 పేటల హారము ఇంద్రచ్ఛందము. 504 పేటలది విజయచ్ఛందము. 27 పేటలది నక్షత్రమాల. 1008 పేటలను మోయగల మెడ మానవమాత్రునకు లేదు గనుకనే కాబోలు, దానిని ఇంద్రుని పేరిట విడిచిరి!

తామ్రపర్ణీనది సముద్రమున కలియుచోట పాండ్యుల రేవు కొర్కై యుండెను. క్రీస్తుశకము మొదటి శతాబ్దిలో గ్రీకుభాషలో వ్రాయబడిన 'పెరిప్లస్' అను నౌకాయాన గ్రంథము ఈ రేవును పేర్కొని, అచటి ముత్యములను శిక్షపడిన నేరస్థులచే తీయించుచుండిరని చెప్పుచున్నది. ఆ ఒక్క వాక్యమును శ్రోతలు మరువరాదు. దండన పొందినవాడు నీట మునుగును. దండించినవాడు మెడలో ధరించును.

పదమూడవ శతాబ్ది చివర వెనీసు వర్తకుడు మార్కోపోలో ఆ తీరమునకు వచ్చునాటికి మునుగువారు కూలివాండ్రు. దొరకిన ముత్యములలో పదవవంతు రాజునకు చెల్లును. మునుగువారిని పెద్దచేపలు బాధింపకుండ మంత్రము వేయువారికి ఇరువదవవంతు. మంత్రగానికి పాలు, మునిగినవానికి కూలి! పెద్దముత్యములు రాజ్యము దాటిపోరాదు. తెచ్చి యిచ్చినవారికి రాజు రెట్టింపు వెల యిచ్చును. ఆ రాజు 104 ముత్యములును కెంపులును గ్రుచ్చిన పట్టుదారము ధరించి, దినమునకు 104 మారులు ప్రార్థన చేయుచుండెనని పోలో వ్రాసెను. జపమాలయే రాజభూషణమైనదన్నమాట.

ఈ వ్యాపారము మన తీరమును తాకకపోలేదు. 1244 ప్రాంతమున కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లిలో వేయించిన అభయశాసనమున సుంకము చెల్లింపవలసిన సరకులలో ముత్యములును ఉన్నవి. అంతకుముందు తుపానునకు చిక్కి ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన ఓడల సరకును రాజులు బలాత్కారముగ హరించుచుండిరి. గణపతిదేవుడు దానిని మాన్పి, నిర్ణీతమగు సుంకముతో తృప్తి చెందెను. ముత్యముల హారముకంటె ఈ శాసనమే ఆయనకు మేలైన భూషణమని నా తలంపు.

హైదరాబాదు నిజాముల కోశమున 'సత్‌లడా' యను ఏడుపేటల హారము కలదు. అందు 465 ముత్యములు. నిజాముల ఆభరణములు 173 వస్తువులను భారత ప్రభుత్వము 1995లో 218 కోట్ల రూపాయలకు కొనెను. వానిలో నిదియు నొకటి. దాని ముత్యములు బస్రావి యని పేరు. అయిన నవి పుట్టినది పారశీక సింధుశాఖలో, బహ్రెయిను మొదలగు తావుల. బస్రా వానిని అమ్మిన అంగడి మాత్రమే. అచట మునుగువాడు ముక్కునకు బిగింపు పెట్టుకొని, కాలికి రాయి కట్టుకొని దిగుచుండెను. ఓడ యజమానికడ ముందుగా తీసికొన్న ఋణము ఏండ్లకొలది తీరకుండెను. తండ్రి చనిపోయిన కొడుకు మెడకు చుట్టుకొనుటయు కలదు. మన జీతగాండ్ర కథ తెలిసిన పెద్దలకు ఇది వింతగా తోపదు.

జపానునందు మికిమొటో 1893లో చిప్పలను పెంచి అర్ధగోళాకారపు ముత్యములను పుట్టించెను. తరువాత గుండ్రనివియు వచ్చినవి. 1930 తరువాత లోకమున వ్యాపారము కుంగినకొలదియు, ఈ పెంపకపు ముత్యములు అంగళ్ల నిండినకొలదియు, ఆ సింధుశాఖలో మునుగువారి పడవలు ఒడ్డెక్కినవి. మునుగువారి అప్పుతో పాటు వారి వృత్తియు పోయినది. నేడు చార్మినారు చెంత అమ్ముడగునవి చాలవరకు పెంపకపువే; సామాన్య గృహిణియు కొనగలది.