ట్రైలరు కమాను పట్టీల మార్పిడి

భారీ ట్రైలర్ల బరువును మోస్తూ, చక్రాలకు తగిలే కుదుపులు చట్రానికి చేరకుండా అడ్డుకునే వంపు తిరిగిన ఉక్కు పట్టీల కట్టను కమాను కట్ట అంటారు. ఇందులోని ఒక్కొక్క పట్టీని కమాను పట్టీ లేదా స్ప్రింగ్ పట్టీ అని పిలుస్తారు. కమాను అనునది విల్లు అనే అర్థమిచ్చే పారశీక పదం. తెలుగులో ఇదే మాట కట్టడాలలోని అర్ధచంద్రాకారపు ద్వారానికి కూడా వాడుకలో ఉన్నది. విరిగిన పట్టీలను తీసి కొత్తవి అమర్చడం లారీ మరమ్మత్తులలో అతి సాధారణమైనది, అదే సమయంలో ప్రాణాపాయం ఎక్కువగా ఉన్నది. అనంతపురం జిల్లా పశ్చిమ అంచున, బళ్ళారికి సుమారు 50 కి.మీ. దూరంలో ఉన్న రాయదుర్గం ప్రాంతపు రహదారులపై ఇనుప ఖనిజపు రవాణా జోరుగా సాగిన కాలంలో ఈ పని ప్రాముఖ్యత బాగా తెలిసివచ్చింది.

నేపథ్యం

ఎద్దుబండికి కమాన్లు లేవు. జట్కాబండికి ఉన్నాయి. మనిషి కూర్చునే బండికి సౌఖ్యం కావాలనే ఆలోచన నుండే ఈ అమరిక ప్రచారంలోకి వచ్చినది. ఇంగ్లాండుకు చెందిన ఒబడయా ఇలియట్ 1804లో గుర్రపు బండ్లకు దీర్ఘవృత్తాకారపు కమాన్ల అమరికకు పేటెంటు పొందాడు. తరువాత మోటారు వాహనాలు వచ్చినప్పుడు అదే అమరిక వాటికీ సంక్రమించింది. కార్లలో దీని స్థానాన్ని చాలావరకు చుట్ట స్ప్రింగులు ఆక్రమించినా, లారీలలోను, ట్రైలర్లలోను ఇప్పటికీ కమాను కట్టలదే పైచేయి. ధర తక్కువ, బరువుతో పాటు ఇరుసును కూడా దాని స్థానంలో పట్టి ఉంచగలదు, ఒక పట్టీ విరిగినా బండి వెంటనే కూలబడదు. ఈ చివరి గుణమే చాలామంది విరిగిన పట్టీతోనే వందల కిలోమీటర్లు నడపడానికి కూడా కారణమవుతున్నది.

భారతదేశంలో కమాను పట్టీల తయారీకి హర్యానాలోని యమునానగర్ ప్రసిద్ధి చెందినది. తెలుగునాట లారీ మరమ్మత్తులకు 1960వ దశకంలో ఏర్పడిన విజయవాడ ఆటోనగర్ పెద్ద కేంద్రం. అయితే పట్టీ విరిగేది ఆటోనగర్‌లో కాదు, ఊరు కాని చోట రోడ్డు పక్కన. అందువలన ప్రతి చిన్న పట్టణంలోను, రాయదుర్గం వంటి చోట్ల కూడా, రోడ్డు వెంబడి కమాన్ల పని చేసేవారు కనిపిస్తారు. వీరిలో పలువురికి ఈ విద్య కమ్మరి కొలిమి నుండి వచ్చినదే.

రాయదుర్గం ప్రాంతంలో ఖనిజపు లారీలు

రాయదుర్గం శాసనసభ నియోజకవర్గంలోని డి.హీరేహాళ్ మండలంలో ఓబుళాపురం ఇనుప ఖనిజపు గనులు ఉన్నాయి. సరిహద్దుకు అవతల కర్ణాటకలోని బళ్ళారి, సండూరు, హోస్పేట గనులు ఉన్నాయి. 2000వ దశకంలో చైనా ఉక్కు పరిశ్రమ గిరాకీ వలన ఖనిజపు ధర విపరీతంగా పెరిగింది. రైలు వ్యాగన్లు చాలక ఖనిజం లారీలలో ఓడరేవులకు తరలింది. 2008లో ప్రారంభమైన కృష్ణపట్నం ఓడరేవుకు వెళ్ళే లారీలు రాయలసీమ జిల్లాల మీదుగా సాగేవి.

ఖనిజంతో వచ్చే చిక్కు దాని సాంద్రతలో ఉంది. ఒక ఘనమీటరు పొడి ఇసుక సుమారు 1.6 టన్నులు తూగితే, అంతే పరిమాణం గల ఇనుప ఖనిజం రెండున్నర టన్నులు, నాణ్యతను బట్టి అంతకంటే ఎక్కువ కూడా తూగుతుంది. ఇసుకకు సరిపోయిన తొట్టిని అంచుల వరకు ఖనిజంతో నింపితే, చూపుకు మామూలుగానే కనిపిస్తుంది కాని కమాన్లపై ఒకటిన్నర రెట్ల బరువు పడుతుంది. దీనికి తోడు ఖనిజపు ఎర్ర ధూళి. ఐరన్ ఆక్సైడు పొడిని కంసాలులు, అద్దాల తయారీదారులు మెరుగు పెట్టడానికి వాడతారు. అదే ధూళి పట్టీల మధ్యనున్న గ్రీజులో కలిస్తే పట్టీలను, పిన్నులను, బుష్షులను నిదానంగా అరగదీసే ముద్దగా మారుతుంది. కరవు సీమ కావడం వలన ఇక్కడ తుప్పు సమస్య కోస్తాతో పోలిస్తే తక్కువే, కాని ధూళి ఆ లోటును తీరుస్తుంది.

2009 నవంబరులో ఓబుళాపురం గనులలో తవ్వకాలను రాష్ట్ర ప్రభుత్వం నిలిపివేసింది. 2011 జూలై 29న బళ్ళారి జిల్లాలో గనుల తవ్వకాన్ని సుప్రీంకోర్టు నిలుపుదల చేసింది. 2012, 2013 సంవత్సరాలలో వచ్చిన ఉత్తర్వులతో కర్ణాటకలో కొన్ని గనులు షరతులతో తిరిగి తెరుచుకున్నాయి. లారీల వరుసలు తగ్గినా భారీ రవాణా ఆగిపోలేదు. అనంతపురం జిల్లాలో బెళుగుప్ప, ఉరవకొండ తదితర ప్రాంతాలలో నెలకొల్పిన గాలిమరల కోసం పొడవైన రెక్కలు, గోపురపు భాగాలు ట్రైలర్లపైనే వచ్చాయి.

నిర్మాణం

ఉక్కులో కర్బనంతో పాటు సిలికాన్, మాంగనీసు లేదా క్రోమియం, వెనేడియం కలిపి కమాను పట్టీలు తయారు చేస్తారు. పట్టీని ఎర్రగా కాల్చి వంపు తిప్పి, నూనెలో ముంచి గట్టిపరచి, తిరిగి 400 నుండి 500 డిగ్రీల సెంటీగ్రేడు వరకు వేడిచేసి పెళుసుదనం పోగొడతారు. బరువు పడినప్పుడు పట్టీ పైతలం సాగుతుంది, క్రింది తలం కుదించుకుంటుంది. అందువలన సాగే తలాన్ని చిన్న ఉక్కు గుండ్లతో గట్టిగా కొట్టి పటిష్ఠం చేస్తారు. పట్టీపై సుత్తి దెబ్బ గాటు పడినా, వెల్డింగు చుక్క పడినా పగులు అక్కడి నుండే మొదలవుతుంది.

అన్నిటికన్నా పొడవైన పై పట్టీ మెయిన్ పట్టీ. దాని క్రింద పొడవు తగ్గుతూ మిగిలినవి ఉంటాయి. నడుమ రంధ్రం గుండా పోయే సెంటర్ బోల్టు వీటిని కలిపి ఉంచుతుంది. అటూ ఇటూ రెండు యూ బోల్టులు కట్టను ఇరుసుకు బిగిస్తాయి. లారీలలో మెయిన్ పట్టీ కొనలు చుట్టలుగా తిరిగి పిన్నులతో చట్రానికి అమరుతాయి. వెనుక కొన షాకిల్‌కు తగిలి ఉండుట వలన పట్టీ సాగినప్పుడు కదలడానికి వీలుంటుంది. చాలా ట్రైలర్లలో ఈ చుట్టలు ఉండవు. పట్టీ కొనలు బ్రాకెట్లలో జారుతూ ఉంటాయి. రెండు ఇరుసుల కట్టల మధ్య త్రాసు కాడలాగా ఊగే ఈక్వలైజరు బరువును సమంగా పంచుతుంది. ఇరుసు ముందుకు వెనుకకు జరగకుండా రేడియస్ రాడ్లు ఆపుతాయి.

2018 జూలైలో కేంద్ర ప్రభుత్వం సవరించిన పరిమితుల ప్రకారం మూడు ఇరుసుల సముదాయంపై 27 టన్నులు (అంతకు ముందు 24) మోయవచ్చును. అంటే ఒక్కొక్క కమాను కట్ట వాటా సుమారు నాలుగున్నర టన్నులు. జాకీతో లేపిన ట్రైలరు క్రింద దూరే మనిషి తలపై ఉండేది ఈ బరువే.

విరగడానికి కారణాలు

పట్టీ ఒక్క దెబ్బకు విరగడం అరుదు. లక్షలసార్లు వంగి లేచిన తరువాత సాగే తలంపై సన్నని పగులు పుట్టి, పెరిగి, ఒకనాడు గుంతలో పడినప్పుడు తెగుతుంది. విరిగిన ముక్కను చూస్తే ఈ చరిత్ర కనిపిస్తుంది: పాత పగులు భాగం నల్లగా లేదా తుప్పుతో నునుపుగాను, అప్పుడే తెగిన భాగం మెరుస్తూ గరుకుగాను ఉంటాయి. అనుభవం గల మెకానిక్కు ముక్కను పారవేయక ముందు దాన్ని ఒకసారి తిప్పి చూస్తాడు.

సరిగ్గా నడుమ, సెంటర్ బోల్టు రంధ్రం వద్ద విరిగితే యూ బోల్టులు వదులైనాయని దాదాపు నిశ్చయంగా చెప్పవచ్చును. యూ బోల్టులు బిగువుగా ఉన్నంత కాలం వాటి మధ్య భాగం వంగదు. వదులైతే వంపు అంతా పట్టీలో అతి బలహీనమైన ఆ రంధ్రం మీదనే పడుతుంది. కొన వద్ద విరిగితే అరిగిన బుష్షు, బిగుసుకుపోయిన షాకిల్ లేదా అరిగిన బ్రాకెట్టును అనుమానించాలి. కారణం సరిచేయకుండా పట్టీ మాత్రం మారిస్తే కొత్తది కూడా అక్కడే విరుగుతుంది.

అధిక లోడుకు విరుగుడుగా ఒక పట్టీ అదనంగా వేయించడం లారీ యజమానులలో సాధారణం. దీనివలన కట్ట బిగుసుకుపోయి కుదుపు నేరుగా చట్రానికి, బ్రాకెట్లకు, టైర్లకు చేరుతుంది. పగులు పట్టీలో కాక చట్రంలో వస్తుంది. మందపాటి పట్టీ వేస్తే బలం పెరుగుతుందన్నది కూడా పూర్తిగా నిజం కాదు. ఒకే వంపులో పలుచని పట్టీకన్నా మందమైన పట్టీపైతలం ఎక్కువ సాగుతుంది. కాబట్టి పలుచని పట్టీల మధ్య చేర్చిన మందపాటి పట్టీయే ముందుగా విరిగే అవకాశం ఉంది.

మార్చే పద్ధతి

వీలైనంత వరకు ముందు సరుకు దింపాలి. రోడ్డు మధ్యలో ఇది తరచుగా కుదరదు కాబట్టే ప్రమాదాలు జరుగుతాయి. గట్టి సమతల నేల అవసరం. రోడ్డు పక్కన ఉండే వదులు మట్టిలో జాకీ దిగబడుతుంది. వేసవిలో 40 డిగ్రీలు దాటే ఎండకు మెత్తబడిన తారు మీద కూడా అంతే. జాకీ క్రింద వెడల్పాటి గట్టి చెక్క దిమ్మ గాని ఇనుప పలక గాని వేస్తారు. మారుస్తున్న ఇరుసు తప్ప మిగిలిన చక్రాలకు రెండు వైపులా దిమ్మలు పెట్టాలి. ట్రైలరును ట్రాక్టరు లారీ నుండి విడదీయకుండా ఉంచడం మేలు.

చట్రాన్ని జాకీతో లేపి, వెంటనే దాని క్రింద స్టాండ్లు పెట్టి బరువును వాటిపైకి దించాలి. జాకీ లేపడానికే గాని నిలబెట్టడానికి కాదు. హైడ్రాలిక్ జాకీలో ఒక చిన్న రబ్బరు వాషరు చిరిగితే బండి క్షణాలలో క్రిందకు దిగుతుంది. రాళ్ళు, ఇటుకలు స్టాండ్లకు బదులు కావు. బరువు పడితే ఇవి ముందస్తు సూచన లేకుండానే పగులుతాయి. సాధారణంగా ట్రైలరు క్రింద దూరేది జీతం తక్కువ, అనుభవం ఇంకా తక్కువ అయిన క్లీనరు కాబట్టి ఈ జాగ్రత్త చెప్పవలసిన బాధ్యత డ్రైవరుది, మెకానిక్కుది.

కమాన్లపై బరువు పోయిన తరువాత ఇరుసు క్రింద వేరొక జాకీ పెట్టి, చక్రాలు విప్పి, యూ బోల్టులు తీస్తారు. తుప్పుతో పట్టుకుపోయిన నట్లను గ్యాస్ కట్టరుతో కోయడం వాడుకలో ఉంది. అప్పుడు బ్రేకు గొట్టాలను, గాలి గదులను, టైర్లను మంట నుండి కాపాడాలి. మళ్ళీ వాడదలచిన పట్టీలకు వేడి తగలకూడదు. బ్రేకు గదిలోని బలమైన స్ప్రింగును విప్పే ప్రయత్నం ఎట్టి పరిస్థితిలోను చేయరాదు.

తొమ్మిది పది పట్టీల కట్ట యాభై కిలోలకు మించి తూగుతుంది, ఒక్కడు ఎత్తే వస్తువు కాదు. దానిని వైసులో లేదా బలమైన సి-క్లాంపులో బిగించిన తరువాతనే సెంటర్ బోల్టు విప్పాలి. వంపులు వేరైన పట్టీలు ఒకదానినొకటి నొక్కుకుని ఉండటం వలన, బిగింపు లేకుండా బోల్టు తీస్తే అవి ఒక్కసారిగా తెరుచుకుని వేళ్ళకు, ముఖానికి తగులుతాయి.

కొత్త పట్టీ వెడల్పు, మందం, పొడవు, వంపు పాతదానితో సరిపోవాలి. కట్టలో మిగిలినవి అలసి వంపు తగ్గి ఉంటే, ఎక్కువ వంపు ఉన్న కొత్త పట్టీపై అధిక భారం పడి త్వరలోనే విరుగుతుంది. అందుకే మెయిన్ పట్టీ, దాని క్రిందిది రెండూ విరిగినప్పుడు మొత్తం కట్టను, వీలైతే రెండవ వైపు కట్టను కూడా మార్చడం ఉత్తమం. విరిగిన పట్టీని వెల్డింగు చేసి వాడడం పూర్తిగా తప్పు. వెల్డింగు వేడికి అతుకు పక్కన ఉక్కు పెళుసుగా మారుతుంది.

సెంటర్ బోల్టు తల ఇరుసుపైనున్న గుంటలో సరిగ్గా కూర్చోవాలి. యూ బోల్టులు ఎప్పుడూ కొత్తవే వేయాలి, ఒకసారి సాగిన బోల్టు మునుపటి బిగువు ఇవ్వదు. నాలుగు నట్లను ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా, తయారీదారు చెప్పిన కొలతకు టార్కు రెంచితో బిగిస్తారు. పైపు తొడిగిన పానాతో అంచనా మీద బిగించడం ఎంత అలవాటైనదైనా, నాలుగు నట్లకు సమాన బిగువు అలా రాదు. బండి సరుకుతో కొన్ని వందల కిలోమీటర్లు తిరిగిన తరువాత మళ్ళీ బిగించాలి. ఈ రెండవ బిగింపు చాలామంది మరచిపోతారు. సెంటర్ బోల్టు వద్ద విరిగే పట్టీలలో అధికభాగం ఈ మరపు ఫలితమే.

చివరగా ట్రైలరు కింగ్ పిన్ను నుండి ఇరుసు రెండు కొనలకు దూరం కొలుస్తారు. రెండు కొలతల మధ్య తేడా 3 మి.మీ. మించకూడదు. మించితే రేడియస్ రాడ్లతో సరిచేస్తారు. లేకపోతే ట్రైలరు పీతలాగా ఓరగా నడిచి టైర్లను అరగదీస్తుంది.

లోడు పరిమితులు, చట్టం

1988 నాటి మోటారు వాహనాల చట్టం 113వ సెక్షను అనుమతించిన బరువుకు మించి నడపడాన్ని నిషేధిస్తుంది. 114వ సెక్షను ప్రకారం అధికారి వాహనాన్ని తూకం వేయించి, అధికంగా ఉన్న సరుకును దింపించవచ్చును. ఒకప్పుడు కొన్ని రాష్ట్రాలు రుసుము తీసుకుని అధిక లోడుకు కార్డులు జారీ చేసేవి. 2005 నవంబరు 9న సుప్రీంకోర్టు ఈ పద్ధతి చెల్లదని తీర్పు ఇచ్చింది. అధిక లోడుకు 2,000 రూపాయలు, ఆపై టన్నుకు 1,000 చొప్పున ఉన్న జరిమానా 2019 సవరణతో 20,000 రూపాయలు, ఆపై టన్నుకు 2,000గా పెరిగింది.

అమెరికాలో 1958-60 మధ్య జరిపిన రహదారి పరీక్షల నుండి, రోడ్డుకు జరిగే నష్టం ఇరుసు బరువు నాలుగవ ఘాతానికి దాదాపు అనుపాతంలో ఉంటుందని తెలిసింది. ఇరుసుపై బరువు 20 శాతం పెరిగితే రోడ్డుకు నష్టం రెట్టింపవుతుంది. బరువు రెట్టింపైతే నష్టం 16 రెట్లు. అధిక లోడు రోడ్డును గుంతలు చేస్తుంది, ఆ గుంతలు తరువాత వచ్చే లారీల కమాన్లను విరుస్తాయి, అందులో అనుమతించిన బరువుతో వెళ్ళే లారీలూ ఉంటాయి.

ఇతర అమరికలు

కొన్ని కొత్త వాహనాలలో నడుమ మందంగా, కొనల వైపు పలుచగా సాగే రెండు మూడు పట్టీల పారబోలిక్ కమాన్లు వాడుతున్నారు. ఇవి తేలిక, పట్టీల మధ్య రాపిడి తక్కువ. అయితే ఉన్నవే రెండో మూడో కాబట్టి ఒకటి విరిగితే బండిని అక్కడే ఆపాలి. గాలి సంచులపై నడిచే ట్రైలర్లు సున్నితమైన సరుకుకు అనుకూలం. గాలిమర యంత్రాల వంటి అసాధారణ బరువులను మోసే అనేక ఇరుసుల మాడ్యులర్ ట్రైలర్లలో కమాన్లకు బదులు హైడ్రాలిక్ సిలిండర్లు ఉంటాయి.