పేరాల మగ్గం ఏ శక్తితో ఆడుతోంది? చట్టంలో దాగిన ఫిజిక్స్

పేరాల అనగానే మనకి 1921 గుర్తొస్తుంది. చీరాల, పేరాలను కలిపి మునిసిపాలిటీ చేసి పన్ను పెంచేసరికి, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి వెంట వేలమంది ఇళ్ళు వదిలేశారు. ఊరి బయట రామనగర్ అని పేరు పెట్టుకుని, పాకల్లో నెలల తరబడి ఉన్నారు. ఆ కథ మీరు వినే ఉంటారు. ఈ ఎపిసోడ్‌లో నేను చెప్పేది అదే ఊరి మగ్గం చరిత్ర. దాన్ని ఫిజిక్స్ వైపు నుంచి చూద్దాం.

ముందు ఒక ప్రశ్న. చేనేత మగ్గానికీ మరమగ్గానికీ తేడా ఏంటి? డిజైనా? నూలా? కాదు. కొన్ని రకాల బట్టల్ని చేనేతకే కేటాయిస్తూ 1985లో కేంద్రం ఒక చట్టం తెచ్చింది. అందులో పవర్‌లూమ్ కాని మగ్గం ఏదైనా చేనేత మగ్గమే. మరి పవర్ అంటే? దానికి 1948 ఫ్యాక్టరీల చట్టం చూడమంటుంది. అక్కడ ఉన్న మాట సారాంశం ఇది: కరెంటు, లేదా యంత్రం ద్వారా అందే ఇంకే రూపంలోని శక్తి అయినా సరే, మనిషి గానీ పశువు గానీ పుట్టించనిదైతే అది పవర్. చూశారా? స్కూల్లో మనం బట్టీపట్టిన 'శక్తి రూపాలు' పాఠం మీదే ఒక నేతన్న బతుకు ఆధారపడి ఉంది.

ఇప్పుడు గుంట మగ్గం దగ్గరికి వద్దాం. ఎండలోని కాంతి శక్తిని వరిచేను గింజలో రసాయన శక్తిగా దాస్తుంది. ఆ అన్నం తిన్న నేతన్న కండరాలు దాన్ని కదలికగా మారుస్తాయి. కాలికింద కర్ర తొక్కితే పడుగు పోగులు కొన్ని పైకి లేస్తాయి, అది స్థితిశక్తి. చెయ్యి తాడు లాగితే నాడె అటునుంచి ఇటు దూసుకెళ్తుంది, అది గతిశక్తి. టక్ టక్‌మని వినపడేది ధ్వని. తిన్నదాంట్లో పనిగా మారేది సుమారు నాలుగో వంతే. మిగతాదంతా వేడి. అందుకే ఒళ్ళంతా చెమట. శక్తి ఎక్కడా మాయం కాలేదు, వేషం మార్చింది అంతే. దీన్నే శక్తి నిత్యత్వ నియమం అంటాం.

ఈ లెక్కని కొలిచి చూపించినవాళ్ళలో ముఖ్యుడు జేమ్స్ జౌల్. 1840లలో ఆయన బరువుల్ని కిందికి దింపుతూ, వాటితో నీళ్ళలో తెడ్లు తిప్పి, నీళ్ళు ఎంత వేడెక్కాయో కొలిచాడు. ఒక కేలరీ వేడికి సుమారు 4.2 జౌళ్ళ పని అని తేలింది. ఆయనది ఏ ప్రాంతమో తెలుసా? మాంచెస్టర్. మన మార్కెట్లను ముంచెత్తిన మిల్లు బట్టకి పేరుమోసిన ఊరు! అక్కడి మగ్గాలు బొగ్గుతో ఆడేవి. బొగ్గు కూడా కోట్ల ఏళ్ళ కిందటి చెట్లు దాచిన ఎండే. అంటే పేరాల నేతన్న ఈ ఏడాది పంటతో నేస్తుంటే, మాంచెస్టర్ కోట్ల ఏళ్ళ పంటని తగలబెట్టి నేసింది. దానికి తోడు పాలించేది కూడా వాళ్ళే. ఇది సమానమైన పోటీ ఎలా అవుతుంది?

ఇక మన కాలం లెక్క. గట్టి మనిషి గంటల తరబడి చేయగల పని సుమారు 75 వాట్లు. 8 గంటలకి 600 వాట్-గంటలు. అంటే కరెంటు బిల్లులో ఒక యూనిట్ కూడా కాదు! 5000 ఎంఏహెచ్ ఫోన్ బ్యాటరీలో పట్టేది సుమారు 19 వాట్-గంటలు. అంటే ఒక మనిషి రోజంతా కష్టపడితే వచ్చే శక్తి, ఫోన్ బ్యాటరీని 30 సార్లు నింపడానికి సరిపోతుంది. కరెంటుగా కొంటే దాని ఖరీదు కొన్ని రూపాయలు.

ఇక్కడే ఆగి ఆలోచించండి. నేతన్న అమ్మేది శక్తి అయితే, ఆయన కూలి ఆ కొన్ని రూపాయలే అవ్వాలి. కానీ ఆయన అమ్మేది అది కాదు. కుప్పడం చీరలో అంచు రంగు వేరు, ఒంటి రంగు వేరు. ఆ రెండు పేకల్నీ అంచు దగ్గర కలుపుతూ పోవాలి. పోగు ఎక్కడ తెగిందో, ఎంత గట్టిగా కొట్టాలో చేతికే తెలియాలి. దీన్ని జౌళ్ళలో కొలవలేం. చట్టం కూడా కొలవలేదు. అందుకే కొలవగలిగిన చోట, అంటే శక్తి రూపం దగ్గర, గీత గీసింది.

ఆ గీత చెరిగిపోతే ఏమవుతుంది? ఆ చట్టం కింద మొదట్లో చేనేతకి కేటాయించిన రకాలు 22. ఇప్పుడు 11. 2010ల మొదట్లో, నేతలో ఒక్క దశ చేత్తో చేసినా చేనేతే అనేలా నిర్వచనం మార్చాలని ప్రతిపాదన వస్తే గట్టిగా వ్యతిరేకత వచ్చింది. మోటారు పెడితే శ్రమ తగ్గుతుంది కదా అని అడిగేవాళ్ళూ ఉన్నారు. ఆ ప్రశ్నని నేను కొట్టిపారెయ్యను. మోకాళ్ళు అరిగిపోయిన మనిషికి అది న్యాయమైన ప్రశ్నే. కానీ మోటారు పెట్టిన మగ్గం మీది బట్టని చేనేత ధరకి అమ్మితే, నష్టపోయేది నిజంగా చేత్తో నేసినవాళ్ళే.

కాబట్టి ఈసారి చీర గానీ లుంగీ గానీ కొనేటప్పుడు షాపులో ఒక్క ప్రశ్న అడగండి: "ఇది ఏ శక్తితో నేసింది?" చేనేత అంటే హ్యాండ్‌లూమ్ మార్క్ చూపించమనండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.