శిస్తు మాఫీ ఎవరి ఇంటికి చేరింది?

ప్రభుత్వం పన్ను తగ్గించినా, వసూలైన దానిలో కొంత తిరిగి ఇచ్చినా ప్రజలకు మేలు జరుగుతుందనే మాట వినగానే నిజమనిపిస్తుంది. ఖజానాకు పోవలసిన రూపాయి ఇంట్లో నిలిస్తే ఆ ఇంటికి లాభమని, అది అంగడిలో ఖర్చయితే దేశానికీ లాభమని సాధారణంగా అంటారు. కాని చరిత్ర ఈ మాటను మూడు ప్రశ్నలతో పరీక్షిస్తుంది. ఆ పన్నును నిజంగా మోసినవాడెవడు? తగ్గింపు అతనికి ఏ సమయంలో అందింది? ఆ తగ్గింపు కోసం ప్రభుత్వం మానుకున్న పని ఏది? హైదరాబాద్ రాజ్యంలోని తెలంగాణా జిల్లాల భూమిశిస్తు చరిత్ర ఈ మూడింటికీ జవాబిస్తుంది.

ఖమ్మం జిల్లా మధిర ప్రాంతంలోని బోనకల్‌ను ఇందుకు ఆనవాలుగా తీసుకోవచ్చు. డోర్నకల్ నుంచి బెజవాడకు పోయే రైలు మార్గం మీద ఉన్న ఈ ఊరికి కొద్ది దూరంలోనే ఒకప్పుడు నిజాం రాజ్యం ముగిసి, మద్రాసు రాజధానిలోని కృష్ణా జిల్లా మొదలయ్యేది. 1948 సెప్టెంబరులో హైదరాబాద్ భారత యూనియన్‌లో కలిసేనాటికి ఈ ప్రాంతం వరంగల్ జిల్లాలో ఉండేది. 1953లో ఖమ్మం ప్రత్యేక జిల్లా అయింది. శిస్తు, మాఫీ, తఖావీ, జమాబందీ, పట్టా, శిక్మీ అనే మాటలు ఈ ఊళ్ళ రైతుకు కచేరీ మాటలు కావు, ఇంటి మాటలు.

ఇజారా నుంచి సర్వే దాకా

19వ శతాబ్ది మధ్యలో హైదరాబాద్ రాజ్యపు భూమి రాబడి చాలావరకు ఇజారాదారుల చేతిలో ఉండేది. ఖజానాకు ఇంత చెల్లిస్తామని ఒప్పుకున్నవారు రైతు దగ్గర ఎంత రాబట్టుకున్నా అడిగేవారు లేరు. 1853 నుంచి 1883 వరకు దివాన్‌గా ఉన్న మొదటి సాలార్ జంగ్ ఈ పద్ధతిని క్రమంగా తొలగించాడు. 1865లో జిల్లాబందీ ఏర్పాటుచేసి, జీతం తీసుకునే అధికారులను నియమించాడు. తరువాత బొంబాయి రాష్ట్ర పద్ధతిలో భూసర్వే, బందోబస్తు సాగాయి. ప్రతి సర్వే నెంబరుకూ నగదు శిస్తు నిర్ణయమైంది. పట్టాదారు పేరు దఫ్తరులోకి ఎక్కింది.

ఇది గొప్ప సంస్కరణ. రైతు ఎంత కట్టాలో ముందే తెలియడం ఇజారా కాలంలో లేని భద్రత. కాని ఈ ఏర్పాటులోనే రెండు లోపాలు దాగి ఉన్నాయి. మొదటిది, శిస్తు పంటలో భాగం కాక నగదులో నిలకడగా ఉండడం. రెండవది, ప్రభుత్వం దృష్టిలో రైతు అంటే పట్టాదారే కావడం. అతని కింద దున్నే శిక్మీదారు, కౌలుదారు, పాలేరు ఆ లెక్కలో రెండవ వరుసలోనో, అసలు లెక్కకు బయటనో ఉండిపోయారు.

చెరువు ఎండినప్పుడు, పంట పోయినప్పుడు తరీ భూములకు మాఫీ ఇచ్చే ఏర్పాటు ఉండేది. పట్వారీ పహాణీలో రాసేవాడు, పై అధికారి తనిఖీ చేసేవాడు, జమాబందీలో తగ్గింపు మంజూరయ్యేది. ఆ తగ్గింపు పట్టాదారు ఖాతాలో పడేది. తన పొలం తానే దున్నుకునే చిన్న పట్టాదారుకు ఇది నిజమైన ఊరట. దానిని కాదనడం న్యాయం కాదు. కౌలుదారు సంగతి వేరు. ఉదాహరణకు ఒక పొలానికి శిస్తు 10 రూపాయలనీ, కౌలు పంటలో సగమనీ అనుకుందాం. ప్రభుత్వం 5 రూపాయలు మాఫీ చేస్తే ఆ 5 పట్టాదారుకు మిగులుతాయి. కౌలుదారు మాత్రం పండిన కొద్దిపాటిలోనూ సగం కొలవవలసిందే. ఖజానా త్యాగం చేసింది, రైతు పేరు చెప్పింది, కాని పొలంలో నాగలి పట్టినవాని ఇంటికి ఏమీ చేరలేదు.

పాలకుని పేరు, పన్ను న్యాయం

ఈ రెండు లోపాలూ ఇస్లామీయ ఆర్థిక చింతనకు కొత్తవి కావు. ఖలీఫా హారూన్ అల్ రషీద్ కాలంలో ప్రధాన ఖాజీగా ఉన్న ఇమామ్ అబూ యూసుఫ్ తన ‘కితాబుల్ ఖరాజ్’లో నిలకడ శిస్తు కన్న పంటలో భాగం తీసుకోవడమే మేలని వాదించాడు. పంటనుబట్టి పన్ను మారితే, కరువులో తగ్గింపు ఎవరి దయ మీదా ఆధారపడదు. లెక్కలోనే ఇమిడి ఉంటుంది. ఇజారా పద్ధతిని ఆయన గట్టిగా ఖండించాడు. గుత్తకు తీసుకున్నవానికి తన లాభమే గాని రైతు బాగోగులు పట్టవని ఆయన వాదన సారాంశం.

దీనికి చాలా ముందే హజ్రత్ ఉమర్ (రజి) ఆదర్శం ఉంది. హిజ్రీ 18లో అరేబియాలో వచ్చిన ఘోర కరువును చరిత్రకారులు ‘ఆముర్రమాదా’ అన్నారు. ఆ సంవత్సరం ఆయన జకాత్ వసూలును వాయిదా వేసి, వర్షాలు పడిన తరువాత రెండేళ్ళ భాగం తీసుకొమ్మని ఆదేశించినట్లు, అందులో ఒక ఏడాది భాగాన్ని అక్కడి పేదలకే పంచమన్నట్లు గ్రంథాలు పేర్కొంటున్నాయి. ఇందులో రెండు విషయాలు గమనించదగినవి. ఊరట కష్టకాలంలోనే వచ్చింది, కష్టం తీరిన తరువాత కాదు. పేదల హక్కు మాత్రం రద్దు కాలేదు. వాయిదా మాత్రమే పడింది.

హైదరాబాద్ రాజ్యాన్ని ఈ కొలబద్దతో చూసినప్పుడు నిష్పక్షపాతం అవసరం. పాలకుడు ముస్లిం అయినంత మాత్రాన అక్కడి పన్ను ఇస్లామీయ న్యాయానికి ప్రతిరూపం కాబోదు. రాజ్యంలో సుమారు మూడు వంతుల్లో ఒక వంతు భూమి జాగీర్లు, సంస్థానాలు మొదలైన వాటి కింద ఉండేది. దాదాపు పదో వంతు సర్ఫెఖాస్. దాని రాబడి నిజాం సొంత ఖర్చుకు పోయేది. దీవానీ ఊళ్ళలో ఇచ్చిన తగ్గింపు జాగీరు ఊళ్ళకు దానంతట అదే వర్తించేది కాదు. దీవానీ ఊళ్ళలో కూడా దొరలు, దేశ్‌ముఖులు తీసుకునే వెట్టి, మామూళ్ళు ఏ ప్రభుత్వ దఫ్తరులోనూ లేవు. లెక్కలో లేని భారాన్ని ఏ ఫర్మానా మాఫీ చేయగలదు?

ఆలస్యంగా వచ్చిన ఊరట

రెండవ ప్రశ్న సమయానికి సంబంధించినది. 1929 తరువాత వచ్చిన ప్రపంచ ఆర్థిక మాంద్యంలో ధాన్యం, నూనె గింజల ధరలు పడిపోయాయి. శిస్తు నగదులో నిలకడగా ఉన్నందున, ధర సగమైతే అదే శిస్తు కట్టడానికి రైతు రెట్టింపు ధాన్యం అమ్మవలసి వస్తుంది. ఖజానా ఒక్క పైసా పెంచకుండానే పన్ను రెండింతలయినట్లు లెక్క.

తెలంగాణా పల్లెల్లో నాగు పద్ధతి ప్రసిద్ధం. విత్తనానికో, తిండికో ఒక బస్తా తీసుకుంటే కోతల్లో ఒకటిన్నర బస్తా కొలవాలి. శిస్తు కిస్తు దాటకుండా సాహుకారు దగ్గర అప్పు తెచ్చినవానికి, నెలల తరువాత మాఫీ మంజూరైతే ఏమవుతుంది? ఆ డబ్బు నేరుగా అప్పు ఖాతాకు పోతుంది. అప్పు కొంత తీరడం ఆ కుటుంబానికి మేలే. కాని ఆ డబ్బు సాలెవాని దగ్గర గుడ్డకూ, కమ్మరి దగ్గర కర్రుకూ ఖర్చు కాదు. ఊరి వ్యాపారం పెరగదు. ఇంటికి మేలు, దేశ ఆర్థికానికి మేలు ఒక్కటే అనుకోవడం పొరపాటని ఇక్కడ తెలుస్తుంది.

రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో ప్రభుత్వం లెవీ ధాన్యం వసూలు చేసింది. పెద్ద భూస్వాములు పలుకుబడితో తప్పించుకోగా, ఆ భారం చిన్న రైతు గాదె మీద పడింది. తెలంగాణా రైతాంగ పోరాటానికి లెవీ, వెట్టి ముఖ్య కారణాలలో చేరాయి. మధిర ప్రాంతం ఆ పోరాటానికి దూరంగా లేదు.

వదులుకున్న రూపాయి

మూడవ ప్రశ్నను చాలామంది మరచిపోతారు. ఖజానా వదులుకున్న ప్రతి రూపాయితోనూ ఏదో ఒక పని ఆగుతుంది. ఖమ్మం ప్రాంతంలోని పాలేరు, వైరా జలాశయాలు నిజాం ప్రభుత్వ కాలంలో నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ ఇంజనీరింగు పర్యవేక్షణలో వెలసినవి. అవి శిస్తు మాఫీతో కట్టినవి కావు, వసూలైన రాబడితో కట్టినవి. బోనకల్ పొలాలకు తరువాతి కాలంలో నాగార్జునసాగర్ ఎడమ కాలువ నీరు వచ్చింది. ఆ ప్రాజెక్టుకు 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967లో కాలువలకు నీరు వదిలారు. ఎకరాకు కొన్ని అణాల తగ్గింపు ఒక పంటకాలానికి సరిపోతుంది. కాలువ నీరు కౌలుదారుకూ, కూలీకీ, గొర్రెల కాపరికీ ఏటా పని కల్పిస్తుంది.

ట్యూనిస్‌లో జన్మించిన ఇబ్న్ ఖల్దూన్ 1377లో రాసిన ‘ముఖద్దిమా’లో ఈ రెండు వైపులూ చూశాడు. రాజ్యం ఆరంభంలో పన్ను రేట్లు తక్కువగా ఉన్నా రాబడి ఎక్కువగా ఉంటుందని, చివరి దశలో రేట్లు పెరిగి రాబడి తరుగుతుందని చెప్పాడు. 1981లో అమెరికా అధ్యక్షుడు రేగన్ తన పన్ను తగ్గింపుకు మద్దతుగా ఈ మాటనే ఉదహరించాడు. కాని అదే గ్రంథంలోని మరో మాట అంత ప్రచారం పొందలేదు. పాలకుల ఖర్చే అతి పెద్ద అంగడి అని, పాలకుడు సొమ్మును తన దగ్గరే బిగబట్టుకుంటే వ్యాపారం కుంటుపడుతుందని కూడా ఇబ్న్ ఖల్దూన్ హెచ్చరించాడు. ఒక వాక్యం తీసుకొని రెండవది వదిలేయడం ఆయనకు న్యాయం చేయడం కాదు.

నిజమైన తగ్గింపు ఏది?

తెలంగాణా కౌలుదారుకు మాఫీల కన్న ఎక్కువ ఊరట ఇవ్వజూపినవి రెండు చట్టాలు. 1949 ఆగస్టులో జాగీర్ల రద్దు రెగ్యులేషన్ వచ్చింది; 1950లో హైదరాబాద్ కౌలుదారీ, వ్యవసాయ భూముల చట్టం వచ్చి కౌలుకు గరిష్ఠ పరిమితి విధించి, రక్షిత కౌలుదారు అనే హక్కును సృష్టించింది. అమలులో లోపాలు లేకపోలేదు. హక్కు కాగితం మీదికి ఎక్కకముందే తొలగింపులూ జరిగాయి. అయినా దున్నేవాని అసలు భారం శిస్తు కాదు, కౌలు అని ప్రభుత్వం చట్టంలో ఒప్పుకుంది.

ఈ పాఠం ఇంకా పాతబడలేదు. 2018 మేలో మొదలైన రైతుబంధు ఎకరాకు పంటకు 4,000 రూపాయలు ఇచ్చింది. అది పన్ను వాపసు కాకపోయినా, నడిచింది పాత మాఫీ దారిలోనే: డబ్బు పాస్‌బుక్ ఉన్న పట్టాదారుకు చేరింది, కౌలు రైతుకు చేరలేదు. 2025 ఫిబ్రవరి బడ్జెట్‌లో కేంద్రం 12 లక్షల దాకా ఆదాయంపై పన్ను లేకుండా చేసి, సుమారు లక్ష కోట్ల రాబడి వదులుకుంటున్నామని ప్రకటించింది. జీతగాళ్ళకు, చిన్న వ్యాపారులకు అది మేలే. వ్యవసాయ ఆదాయంపై ఆ పన్నే లేదు గనుక మిరప రైతుకు గాని, పత్తి ఏరే కూలీకి గాని అందులో నేరుగా దక్కేది లేదు. 2025 సెప్టెంబరు 22 నుంచి జీ.ఎస్.టి. తగ్గింపులో సబ్బు, తలనూనె, టూత్‌పేస్టు 18 శాతం నుంచి 5కు, ట్రాక్టర్లు 12 నుంచి 5కు వచ్చాయి. ఇది కూలి ఇంటి దాకా పోగల తగ్గింపు. దుకాణదారు ధర తగ్గించినప్పుడే అది పూర్తవుతుంది.

ఇతర దేశాల అనుభవం దీనికి భిన్నంగా లేదు. 2001లో అమెరికా ఒంటరివారికి 300 డాలర్లు, దంపతులకు 600 డాలర్ల దాకా పన్ను వాపసు ఇచ్చింది. ఒక సర్వేలో సుమారు ఐదోవంతు కుటుంబాలు మాత్రమే దానిని ముఖ్యంగా ఖర్చు చేస్తామన్నాయి. తక్కినవి పొదుపుకో, అప్పులకో అన్నాయి. అసలు ఖర్చులను పరిశీలించిన మరో అధ్యయనం అంతకన్న ఎక్కువే ఖర్చయిందని తేల్చింది. ఆదాయం తక్కువైన ఇళ్ళలో ఖర్చు మరీ అధికమని కూడా చూపింది. అనగా, లేనివాని చేతిలో పడిన డబ్బు వెంటనే అంగడికి వస్తుంది. ఉన్నవాని చేతిలో పడినది పెట్టెలో నిలుస్తుంది.

కాబట్టి పన్ను తగ్గింపు మేలా, కీడా అని ఒక్క మాటలో తేల్చడం సాధ్యం కాదు. భారం మోస్తున్నవానికి, భారం మోస్తున్న సమయంలో, చెరువు మరమ్మతును బలిపెట్టకుండా అందిన తగ్గింపు ఇంటికీ దేశానికీ మేలు చేస్తుంది. అలా కానిది దఫ్తరులో రైతు పేరున జమ అవుతుంది. రైతు ఇంట్లో మాత్రం జమ కాదు. మాఫీ ప్రకటన వెలువడినప్పుడల్లా అడగవలసింది ఎంత తగ్గించారని కాదు, ఎవరి గుమ్మం దాకా వచ్చిందని.