సాధనకు ముందు తీరిక: అనంతపురం కరవు నేలలో క్రీడానైపుణ్య చరిత్ర

వ్యాససంగ్రహం:
క్రీడాకారుల నైపుణ్యాన్ని సాధన చేసిన గంటలతో కొలవడం పరిపాటి. ఆ గంటలు ఎవరికి, ఎలా దక్కాయన్నది చరిత్ర తేల్చవలసిన ప్రశ్న. అనంతపురంలో 1969 తరువాత రూపొందిన సంస్థాగత ఆసరాను, క్రికెట్ క్రీడాకారిణి బారెడ్డి అనూష ఎదుగుదలను పరిశీలించి, సాధనకు ముందు తీరిక, మైదానం, శిక్షకుడు ఒకచోట కలవడం అవసరమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: అనంతపురం, కరవు, క్రీడానైపుణ్యం, సాధన, ఆర్.డి.టి., బండ్లపల్లి.

1. ప్రవేశిక:
ఆండర్స్ ఎరిక్సన్, మరో ఇద్దరు పరిశోధకులు బెర్లిన్‌లోని వయొలిన్ విద్యార్థులను అధ్యయనం చేసి 1993లో ఫలితాలను ప్రకటించారు. ఉత్తమ శ్రేణి విద్యార్థులు ఇరవయ్యేళ్ల వయసుకు సగటున 10 వేల గంటలకు పైగా ఒంటరిగా సాధన చేశారని ఆ అధ్యయనం తేల్చింది. తరువాతి కాలంలో ఈ సంఖ్య ఒక సూత్రంగా ప్రచారం పొందింది. అయితే అదే వ్యాసం సాధనకు మూడు పరిమితులను పేర్కొంది: వనరులు, ప్రేరణ, శ్రమ. వీటిలో వనరుల పరిమితి జనబాహుళ్యపు చర్చలో మరుగున పడింది. మక్‌నమారా, హాంబ్రిక్, ఆస్వాల్డ్ 2014లో అనేక అధ్యయనాలను క్రోడీకరించి, క్రీడల్లో ప్రతిభావ్యత్యాసాల్లో సుమారు 18 శాతాన్ని మాత్రమే సాధన వివరించగలదని చూపారు. మిగిలిన భాగంలో పరిస్థితుల పాత్ర ఎంతన్న ప్రశ్నను పరిశీలించడానికి అనంతపురం తగిన క్షేత్రం.

2. కరవు నేల, పిల్లల కాలం:
అనంతపురం వర్షచ్ఛాయా ప్రాంతం. సాలీనా సగటు వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. ఎర్రనేలల్లో వానపై ఆధారపడిన వేరుశనగే ప్రధాన పంట. పంట పోయిన ఏడు కుటుంబాలు బెంగళూరు వంటి నగరాలకు వలసపోవడం ఇక్కడ సుపరిచితం. ఇటువంటి జీవనంలో పిల్లల కాలం కూడా కుటుంబ శ్రమలో భాగమవుతుంది. తమ్ముళ్లను, చెల్లెళ్లను చూసుకోవడం, నీళ్లు తేవడం ఆడపిల్లల వంతు. సాయంత్రం రెండు గంటల ఆట ఈ ఇళ్లకు ఖర్చులేని వ్యాపకం కాదు. ఆ రెండు గంటల ఇంటిపనిని మరొకరు భరించాలి.

3. సంస్థాగత ఆసరా:
విసెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురం చేరి రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ (ఆర్.డి.టి.) కార్యక్రమాలను ప్రారంభించారు. బావులు, ఇళ్లు, పాఠశాలలు, ఆసుపత్రులతో మొదలైన కృషి కాలక్రమంలో క్రీడలకూ విస్తరించి అనంతపురం క్రీడాగ్రామంగా రూపుదిద్దుకొంది. క్రికెట్, హాకీ, ఫుట్‌బాల్, జూడో వంటి ఆటల్లో అక్కడ శిక్షణ లభిస్తుంది. 2010 అక్టోబరులో రఫెల్ నాదల్ ఫౌండేషన్ సహకారంతో ప్రారంభమైన టెన్నిస్ పాఠశాలలో ఆటతోపాటు ఇంగ్లీషు, కంప్యూటర్ బోధన, పోషకాహారం కూడా భాగం. ఆటకు కేటాయించిన సాయంత్రం చదువుకు, ఆహారానికి అడ్డు కాదన్న భరోసా ఉంటే తల్లిదండ్రుల అభ్యంతరం సడలుతుంది. 2024 సెప్టెంబరులో దులీప్ ట్రోఫీ మ్యాచ్‌లకు ఇదే మైదానం వేదికైంది.

4. బండ్లపల్లి ఉదాహరణ:
నార్పల మండలం బండ్లపల్లికి జాతీయ చరిత్రలో ఒక స్థానముంది. 2006 ఫిబ్రవరి 2న నాటి ప్రధాని మన్మోహన్ సింగ్ జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకాన్ని అక్కడే ప్రారంభించారు. 2003లో జన్మించిన బారెడ్డి అనూషది ఆ ఊరే. వ్యవసాయ పనులపై ఆధారపడిన కుటుంబం. పాఠశాల వ్యాయామోపాధ్యాయుడి ప్రోత్సాహం, ఆర్.డి.టి. శిక్షణ ఆమెను ఎడమచేతి స్పిన్నరుగా తీర్చిదిద్దాయి. 2023 జూలైలో బంగ్లాదేశ్‌లో ఆమె భారత జట్టు తరఫున టీ20ల్లో, వన్డేల్లో అరంగేట్రం చేసింది.

ఉపాధి హామీ వల్లనే ఒక క్రీడాకారిణి తయారైందనడం అతిశయోక్తి. ఏడాదికి 100 రోజుల కూలిపని ఒక పిల్లను మైదానానికి పంపదు. కానీ ఊళ్లో పని దొరకడం వలసను కొంత తగ్గిస్తుంది. వలస తగ్గితే పిల్ల అదే బడిలో నిలుస్తుంది. బడిలో నిలిచిన పిల్లనే వ్యాయామోపాధ్యాయుడు గుర్తించగలడు. పరిస్థితి ప్రతిభను సృష్టించదు, అది కంటబడే అవకాశాన్ని మాత్రం కల్పిస్తుంది.

5. పొరుగు జిల్లాతో పోలిక:
కడప జిల్లాకు చెందిన శ్రీచరణి కూడా ఎడమచేతి స్పిన్నరే. ఖోఖో, బ్యాడ్మింటన్, అథ్లెటిక్స్ తరువాత పదహారేళ్ల ప్రాయంలో క్రికెట్ వైపు మళ్లి, 2025 ప్రపంచకప్‌లో 14 వికెట్లు తీసింది. బాల్యం నుంచి ఒకే ఆటకు అంకితం కావాలన్న అభిప్రాయాన్ని ఆమె ప్రయాణం ప్రశ్నిస్తుంది. ఆమె తండ్రి థర్మల్ విద్యుత్ కేంద్రంలో ఉద్యోగి. అక్కడ తీరికకు ఆధారం నెలజీతం. బండ్లపల్లిలో ఆ లోటును బడి, ట్రస్టు కలిసి పూరించవలసివచ్చింది. మార్గాలు వేరైనా, సాధనకు ముందు సమకూరవలసినవి రెండుచోట్లా ఒకటే.

6. ముగింపు:
అనంతపురం అనుభవం సాధన ప్రాధాన్యాన్ని తగ్గించదు. సాధన ఎక్కడ మొదలవుతుందో చూపుతుంది. జట్టులోకి చేరినవారి చరిత్ర రికార్డుల్లో మిగులుతుంది. ఇంటిపని వల్ల, వలస వల్ల, పెళ్లి వల్ల మధ్యలో ఆట మానుకొన్న బాలికల చరిత్ర ఎక్కడా నమోదు కాదు. పాఠశాల హాజరు పట్టికలు, వ్యాయామోపాధ్యాయుల జ్ఞాపకాలు, గ్రామాల మౌఖిక కథనాలు ఆ చరిత్రకు ఆకరాలు కాగలవు. వాటిని సేకరించినప్పుడే రాయలసీమ క్రీడాచరిత్ర విజేతల జాబితాను దాటి సమగ్రమవుతుంది.