టీ20 వరల్డ్ కప్ 2026: టీమిండియా 15 మందిలో ఎవరి పని ఏంటి? పాతబస్తీ తిలక్ వర్మపై ఎందుకంత భారం?

టీ20 వరల్డ్ కప్‌కు టీమిండియా ఖరారైంది. అజిత్ అగార్కర్ నేతృత్వంలోని సెలక్షన్ కమిటీ డిసెంబర్ 20న 15 మంది పేర్లు ప్రకటించింది. శుభ్‌మన్ గిల్ ఔట్, ఇషాన్ కిషన్ ఇన్. చర్చంతా దీని మీదే నడుస్తోంది. అయితే హైదరాబాద్ అభిమానులు గమనించాల్సిన పేరు వేరే ఉంది. అదే చాంద్రాయణగుట్ట కుర్రాడు తిలక్ వర్మ. ఈ జట్టులో అసలు డౌట్ ఏ చోట ఉందో, సరిగ్గా అక్కడే తిలక్ బ్యాటింగ్‌కు దిగుతాడు. జట్టులో ఎవరి పని ఏంటి, బలం ఎక్కడ, లోటు ఎక్కడ? ఒక్కొక్కటిగా చూద్దాం.

జట్టు ఇదే

సూర్యకుమార్ యాదవ్ (కెప్టెన్), అక్షర్ పటేల్ (వైస్ కెప్టెన్), అభిషేక్ శర్మ, సంజూ శాంసన్, ఇషాన్ కిషన్, తిలక్ వర్మ, హార్దిక్ పాండ్యా, శివమ్ దూబే, రింకూ సింగ్, వాషింగ్టన్ సుందర్, కుల్దీప్ యాదవ్, వరుణ్ చక్రవర్తి, జస్‌ప్రీత్ బుమ్రా, అర్ష్‌దీప్ సింగ్, హర్షిత్ రాణా.

వీళ్లలో 8 మంది 2024లో కప్పు గెలిచిన జట్టులో ఉన్నవాళ్లే. రోహిత్, కోహ్లీ, జడేజా ఆ ఫైనల్ గెలిచాక ఈ ఫార్మాట్‌కు గుడ్‌బై చెప్పేశారు. అంటే అనుభవం ఉంది కానీ, కష్టకాలంలో వికెట్ కాపాడే పని మాత్రం కొత్త చేతుల్లోకి వచ్చింది.

ఓపెనర్లు: దూకుడుకు లోటు లేదు

అభిషేక్ శర్మ 2025 చివర్లో ఐసీసీ టీ20 ర్యాంకింగ్స్‌లో నంబర్ 1 బ్యాటర్‌గా ఉన్నాడు. 2025 ఫిబ్రవరిలో వాంఖడేలో ఇంగ్లండ్‌పై 54 బంతుల్లోనే 135 కొట్టాడు. ఆసియా కప్‌లో 314 పరుగులతో ప్లేయర్ ఆఫ్ ద టోర్నీ అయ్యాడు. అయితే మొదటి బంతి నుంచే బాదే ఆట కాబట్టి తొందరగా ఔటయ్యే రిస్క్ ఎప్పుడూ ఉంటుంది.

రెండో ఎండ్‌లో సంజూ. 2024 అక్టోబర్‌లో మన ఉప్పల్ స్టేడియంలో బంగ్లాదేశ్‌పై 47 బంతుల్లో 111 కొట్టింది ఇతనే. ఆ రోజు భారత్ స్కోరు 297. కానీ 2025 ఆరంభంలో ఇంగ్లండ్ పేసర్లు షార్ట్ బంతులతో కట్టిపడేస్తే 5 ఇన్నింగ్స్‌లో 51 పరుగులే చేశాడు. ఆ పరీక్ష మళ్లీ ఎదురవుతుంది.

మరి గిల్ ఎందుకు లేడు? 2025లో అంతర్జాతీయ టీ20ల్లో అతనికి ఒక్క అర్ధసెంచరీ కూడా లేదు. పైగా కీపరే ఓపెనింగ్ చేస్తే కింద ఇంకో ఫినిషర్‌కు చోటు దొరుకుతుంది. ఆ లెక్కతోనే రింకూ సింగ్ తిరిగొచ్చాడు. జార్ఖండ్‌కు తొలి సయ్యద్ ముస్తాక్ అలీ ట్రోఫీ అందిస్తూ ఫైనల్లో సెంచరీ బాదిన ఇషాన్ రెండో కీపర్‌గా వచ్చాడు.

మిడిలార్డర్: అసలు డౌట్ ఇక్కడే

కెప్టెన్‌గా సూర్య రికార్డు అదిరిపోయింది. పూర్తిస్థాయి పగ్గాలు చేపట్టాక ఒక్క టీ20 సిరీస్ కూడా ఓడలేదు. బ్యాటర్‌గా చూస్తే మాత్రం సీన్ రివర్స్. 2025లో అతని సగటు 14 కూడా దాటలేదు, ఒక్క ఫిఫ్టీ లేదు. కెప్టెన్‌ను పక్కన కూర్చోబెట్టే పరిస్థితి ఉండదు. మరి ఓపెనర్లు త్వరగా ఔటై, సూర్య కూడా వెనుదిరిగితే ఇన్నింగ్స్‌ను ఎవరు నిలబెట్టాలి?

దీనికి జవాబు 2025 సెప్టెంబర్ 28న దుబాయ్‌లో దొరికింది. ఆసియా కప్ ఫైనల్లో పాకిస్థాన్‌పై టార్గెట్ 147. 20 పరుగులకే అభిషేక్, సూర్య, గిల్ ముగ్గురూ ఔట్. అప్పుడు క్రీజులో నిలబడింది తిలక్. ముందు సంజూతో, తర్వాత దూబేతో భాగస్వామ్యాలు కట్టాడు. చివరి ఓవర్‌లో హారిస్ రవూఫ్‌ను సిక్సర్ బాదాడు. 53 బంతుల్లో 69 నాటౌట్. కప్పు మనదైంది.

అది ఒక్కరోజు మెరుపు కాదు. 2025 జనవరిలో చెన్నైలో ఇంగ్లండ్‌పై అవతలి ఎండ్‌లో వికెట్లు పడుతుంటే 72 నాటౌట్‌తో మ్యాచ్ గెలిపించాడు. అంతకు ముందు 2024 నవంబర్‌లో సౌతాఫ్రికాలో సూర్య తన మూడో స్థానాన్ని తిలక్‌కు ఇచ్చాడు. ఫలితం? సెంచూరియన్‌లో 107, జొహన్నెస్‌బర్గ్‌లో 120, రెండూ నాటౌట్. వెంటనే హైదరాబాద్ తరఫున మేఘాలయపై 151. వరుసగా మూడు టీ20 సెంచరీలు కొట్టిన తొలి ఆటగాడిగా రికార్డులకెక్కాడు.

తిలక్ తండ్రి ఎలక్ట్రీషియన్. బార్కస్ గ్రౌండ్‌లో టెన్నిస్ బాల్‌తో ఆడుతున్న పిల్లాడిని కోచ్ సలాం బయాష్ గుర్తించి, నగరానికి ఆ చివరన ఉన్న లింగంపల్లి అకాడమీకి తన బండి మీద తీసుకెళ్లేవాడు. 2022లో ముంబై ఇండియన్స్ 1.7 కోట్లకు కొంటే, తొలి సీజన్‌లోనే 397 పరుగులు చేశాడు. 2023 ఆగస్టులో వెస్టిండీస్‌పై టీమిండియాలోకి వచ్చాడు. ఇప్పుడు 23 ఏళ్లకే తొలి వరల్డ్ కప్.

ఒక్కటే సమస్య. తిలక్ ఏ స్థానంలో వస్తాడో ఎప్పటికప్పుడు మారుతోంది. డిసెంబర్‌లో సౌతాఫ్రికాపై ముల్లన్‌పూర్‌లో మూడో స్థానంలో అక్షర్‌ను పంపి, తిలక్‌ను ఐదో స్థానానికి నెట్టారు. అక్కడా 62 కొట్టాడు, కానీ మ్యాచ్ ఓడిపోయాం. అదే సిరీస్ చివరి మ్యాచ్‌లో అహ్మదాబాద్‌లో పైన దిగి 42 బంతుల్లో 73 చేశాడు. ఇన్నింగ్స్ నిలబెట్టేవాడికి ఎక్కువ బంతులు దొరకాలి. వరల్డ్ కప్‌లో ప్రయోగాలు ఆపి, మూడు లేదా నాలుగు అని తేల్చేస్తేనే జట్టుకు లాభం.

ఆల్‌రౌండర్లు: జట్టుకు అసలు బలం

అహ్మదాబాద్‌లో హార్దిక్ 16 బంతుల్లోనే ఫిఫ్టీ కొట్టాడు. 2024 ఫైనల్లో చివరి ఓవర్ వేసి గెలిపించిందీ ఇతనే. అదే ఫైనల్లో 47 పరుగులతో ఆదుకున్న అక్షర్, స్పిన్‌ను ఉతికే దూబే, పవర్‌ప్లేలోనూ బంతి వేయగల సుందర్ ఉన్నారు. బ్యాటింగ్ లోతు తగ్గకుండా ఆరుగురు బౌలర్లతో ఆడే వీలు ఇలాగే వస్తోంది.

బౌలింగ్: ఇక్కడ టెన్షన్ తక్కువ

గత వరల్డ్ కప్‌లో బుమ్రా 15 వికెట్లు, అర్ష్‌దీప్ 17 వికెట్లు తీశారు. అంతర్జాతీయ టీ20ల్లో 100 వికెట్లు తీసిన తొలి భారతీయుడు అర్ష్‌దీపే. స్పిన్‌లో 2025 చివర్లో ర్యాంకింగ్స్ నంబర్ 1గా ఉన్న వరుణ్, ఆసియా కప్‌లో 17 వికెట్లు తీసిన కుల్దీప్. రాత్రి మ్యాచ్‌ల్లో మంచు పడితే స్పిన్నర్లకు బంతి పట్టు చిక్కదు. అప్పుడు భారమంతా పేసర్ల మీదే.

మరి మన సిరాజ్? ఇంగ్లండ్ టెస్టుల్లో 23 వికెట్లు తీసి ఓవల్‌లో గెలిపించిన హైదరాబాదీకి ఇక్కడ చోటు దక్కలేదు. కొత్త బంతి బుమ్రా, అర్ష్‌దీప్‌ల చేతిలో ఉంది. మూడో పేసర్‌గా కింద బ్యాట్ ఊపగల హర్షిత్ వైపు మొగ్గారు.

కనిపించని లోటు

స్పెషలిస్టు బౌలర్లను పక్కన పెడితే అభిషేక్, ఇషాన్, తిలక్, దూబే, రింకూ, అక్షర్, సుందర్.. ఏడుగురు లెఫ్ట్ హ్యాండర్లే! కుడిచేతి వాళ్లు సంజూ, సూర్య, హార్దిక్ ముగ్గురే. ప్రత్యర్థులు ఆఫ్ స్పిన్నర్‌ను దింపితే బంతి మనవాళ్లకు బయటికి తిరుగుతుంది, కొట్టడం కష్టమవుతుంది. సూర్య ఫామ్‌లోకి రావడం ఇందుకే ఇంకా ముఖ్యం. అతను రాకపోతే మధ్య ఓవర్లలో ఆఫ్ స్పిన్‌ను ఎదుర్కొనే పని కూడా తిలక్ మీదే పడుతుంది.

షెడ్యూల్ గుర్తుంచుకోండి

టోర్నీ ఫిబ్రవరి 7 నుంచి మార్చి 8 వరకు భారత్, శ్రీలంకల్లో జరుగుతుంది. మొత్తం 20 జట్లు. గ్రూప్ దశలో భారత్ మ్యాచ్‌లు ఇవి:

ఫిబ్రవరి 7: అమెరికాతో, ముంబై
ఫిబ్రవరి 12: నమీబియాతో, ఢిల్లీ
ఫిబ్రవరి 15: పాకిస్థాన్‌తో, కొలంబో
ఫిబ్రవరి 18: నెదర్లాండ్స్‌తో, అహ్మదాబాద్

హైదరాబాద్‌కు ఒక్క మ్యాచ్ కూడా రాలేదు. అయితే దానికి ముందు న్యూజిలాండ్‌తో 5 టీ20ల సిరీస్‌కు కూడా ఇదే జట్టును ఎంపిక చేశారు. అందులో నాలుగో మ్యాచ్ జనవరి 28న విశాఖలో.

2024 టోర్నీ వరకు ఏ జట్టూ టీ20 వరల్డ్ కప్‌ను వరుసగా రెండుసార్లు గెలవలేదు. అప్పటివరకు సొంతగడ్డపై కూడా ఎవరూ గెలవలేదు. ఈ రెండూ ఒకేసారి సాధించాలంటే బౌలర్లు, ఓపెనర్లు ఉంటే సరిపోదు. 20 పరుగులకు 3 వికెట్లు పడ్డ రోజున కూడా కంగారు పడని ఒక్క బ్యాటర్ కావాలి. ప్రస్తుతానికి ఆ పని చేసి చూపించింది చాంద్రాయణగుట్ట కుర్రాడే.