ఆనకట్ట సరే, కాలువ ఏదీ?

గాలి కరెంటుతోనో ఎండ కరెంటుతోనో నీటిని విడగొట్టి తీసేదే గ్రీన్ హైడ్రోజన్. "లాభముంటే ప్రైవేటువాళ్ళే పెడతారుగా, దీనికి ప్రభుత్వ డబ్బెందుకు?" అని మన ఆఫీసుల్లో చాలామంది అడుగుతుంటారు. జవాబు బందరు కాలవలో ఉంది.

1832-33లో నందన కరువు గుంటూరు సీమని ఊడ్చేసింది. పక్కనే కృష్ణ.. నీళ్ళేమో సముద్రంలోకి! ఆ తర్వాత ఇరవై ఏళ్ళకి గానీ కంపెనీవాళ్ళు డబ్బు తియ్యలేదు. 1852-55 మధ్య కెప్టెన్ ఓర్ బెజవాడ దగ్గర ఆనకట్ట కట్టించాడు. సరే, గోడ లేచింది. గోడ ఒక్కటే ఉంటే గుడివాడలో వరి పండేదా? ప్రధాన కాలవలు, లాకులు, పిల్లకాలవలు, చివరి పొలం బోదె దాకా తవ్వబట్టే అది డెల్టా అయింది. అవే కాలవల్లో పడవలూ నడిచాయి. ఏ ఒక్క వ్యాపారీ ఇంత నెట్‌వర్క్ వెయ్యడు. కాలవ లేనిదే రైతు నాటడు, రైతు నాటనిదే కాలవ గిట్టదు. చెట్టు ముందా విత్తు ముందా అన్న ఈ ముడి విప్పడానికే ప్రభుత్వం కావాలి.

ఇప్పటి లెక్క చూద్దాం. 2023 జనవరిలో కేంద్రం ఆమోదించిన నేషనల్ గ్రీన్ హైడ్రోజన్ మిషన్‌కి 19,744 కోట్లు. అందులో 17,490 కోట్లు హైడ్రోజన్, ఎలక్ట్రొలైజర్ల తయారీకి ప్రోత్సాహకాలే. అంటే డబ్బంతా దాదాపు ఆనకట్టకే! విశాఖ పక్కన పూడిమడకలో ఎన్టీపీసీ హబ్‌కి 2025 జనవరిలో శంకుస్థాపన చేశారు. లక్ష్యం రోజుకి 1,500 టన్నులు. అక్కడ తయారయ్యే గ్రీన్ మిథనాల్, గ్రీన్ యూరియా లాంటివి ప్రధానంగా ఎగుమతికట.

కొనేవాడు ఇంట్లోనే ఉన్నాడు కదండీ! యూరియాకి అమ్మోనియా కావాలి, అమ్మోనియాకి హైడ్రోజన్ కావాలి. డెల్టా రైతు చల్లే ప్రతి బస్తా వెనకా ఇవాళ సహజవాయువు ఉంది, అందులో ఎక్కువ భాగం దిగుమతి.

ఇక నీళ్ళ సంగతి. కిలో హైడ్రోజన్‌కి కనీసం 9 లీటర్లు. 2030 నాటి జాతీయ లక్ష్యం ఏడాదికి 50 లక్షల టన్నులు, అంటే సుమారు 1.6 టీఎంసీలు. ప్రకాశం బ్యారేజీలో పట్టేది 3 టీఎంసీల పైచిలుకు. దేశం మొత్తానికైతే ఇది పెద్ద లెక్కేం కాదు, ఒక్క కాలవ మీద పడితే మాత్రం భారమే. పైన నీళ్ళు తగ్గితే ముందు ఎండేవి దివిసీమ శివారు భూములు, ఉప్పు ఎక్కేదీ వాటికే. కాబట్టి రేపు బందరు తీరానికి ఇలాంటి ప్లాంటు వస్తే సముద్రపు నీటినే శుద్ధి చేసి వాడాలని సబ్సిడీ షరతుల్లోనే రాయాలి.

ఎన్ని టన్నులు తీశారన్నది సగం లెక్కే. శివారుకి ఏం చేరిందన్నది అసలు లెక్క.